ఆళ్లగడ్డ రోడ్డు మీద ఐదో రాయి

రోడ్డు వెడల్పు చేస్తున్నారని చెబితే సంతోషపడని మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆమె మా అక్క ఓబులమ్మ. ఆళ్లగడ్డ నుంచి కోవెలకుంట్లకు పోయే రోడ్డును తవ్వుతున్నారని, ఆ దారిలో బస్సు నడిపే పాత స్నేహితుడు నంద్యాల మార్కెట్లో కనబడి చెప్పాడు. ఇంటికొచ్చి ఆ మాట మామూలుగా అక్క దగ్గర అన్నాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, "పిల్లోని కాడికి వచ్చినారా?" అని అడిగింది. ఇంకా రాలేదేమోలే, వచ్చే వారం పోయి చూద్దాం అన్నాను. ఆ వచ్చే వారం నాలుగు సార్లు వచ్చింది. ఒకసారి చలి అన్నాను, ఒకసారి నా కంటి పరీక్ష అన్నాను, మిగతా రెండుసార్లు ఏమన్నానో నాకే గుర్తు లేదు. ఈ రాత చదివి ఆ రోడ్డు మీద ప్రయాణం పెట్టుకునేవాళ్లకు దారి, ఖర్చు, సమయం అన్నీ చెబుతాను గానీ, ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

అక్కకు పద్దెనిమిదేళ్లప్పుడు ఆమె, మా బావ ఈ రోడ్డు పనిలో కంకర కొట్టారు. అప్పట్లో ఇది గులకరాళ్ల బాట. దానికి తారు వేస్తున్నారు. కూలీల గుడిసెలు రోడ్డు పక్కనే ఉండేవి. కొంత దూరం పని అయ్యాక గుడిసెలు పీకి, ముందుకు పోయి మళ్లీ వేసుకునేవాళ్లు. ఐదో రాయి దగ్గర ఉన్నప్పుడు, మాఘమాసంలో, పదకొండు నెలల కొడుకు ఓబులేసు వాంతులు, విరేచనాలతో ఒక్క రాత్రిలో పోయాడు. తెల్లవారి, రోడ్డు కింద వాన నీళ్లు పోయే మోరీ అవతల పూడ్చారు. మూడో రోజుకల్లా గుడిసెలు ముందుకు జరిగాయి. పని ఆగదు కదా. తరువాత వాళ్లు సంజామల, ప్యాపిలి, ఎక్కడ కంకర పని ఉంటే అక్కడికి తిరిగారు. మళ్లీ పిల్లలు కలగలేదు.

బావ చనిపోయాక అక్క నంద్యాలలో మా ఇంటికి వచ్చేసింది. అప్పటికి నేను అదే దారిలో బస్సు కండక్టరుని. వచ్చిన మొదటి మాఘమాసంలో ఆమె నన్ను అడిగింది ఒక్కటే, "నన్ను ఐదో రాయి కాడ దింపుతావా నాగా?" అని. అది స్టేజీ కాదు, అయినా దింపాను. అప్పటి నుంచి ముప్పై ఏళ్లకు పైగా, ఏటా ఒక రోజు ఆమె నా బస్సో, నేను రిటైరయ్యాక వేరేవాళ్ల బస్సో ఎక్కి అక్కడ దిగేది. బొరుగులు, బెల్లం, గ్లాసెడు పాలు పెట్టేది. బస్సు కోవెలకుంట్ల పోయి తిరిగి వచ్చేదాకా కూర్చుని, ఎక్కి వచ్చేసేది. డ్రైవర్లు మారినా ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు, ఆ రాయి దగ్గర ఆపాలని. ఈసారి ఆమె కోరిక వేరు. యంత్రం వచ్చేలోపు అక్కడి మట్టి గుప్పెడు తెచ్చి మా పెరట్లో జామచెట్టు కింద పెట్టుకోవాలి. "సచ్చేదాకా నా కండ్ల ముందుంటాడు" అంది. దానికి మించి ఆమె నన్ను ఏనాడూ ఏదీ అడగలేదు.

పొద్దున ఆరు నలభైకి నంద్యాల బస్టాండులో ఎక్కాం. ఆళ్లగడ్డకు బస్సులకు కొదవ లేదు, పావుగంటకొకటి దొరుకుతుంది. ఎక్స్‌ప్రెస్ అయితే గంటలో దింపుతుంది, పల్లెవెలుగు అయితే ఇంకో పావుగంట వేసుకోండి. నాకు డెబ్బై రూపాయల లోపే అయింది. ఆడవాళ్లకు ఇప్పుడు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. అక్క ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నేండ్లు దుడ్లిచ్చి నీ బస్సెక్కితి. నువ్వు దిగిపోయినాక ఊరికే తిప్పుతాండారు, నీ మొగం చూసి చేయలేదేమోలే" అంది. నవ్వుకున్నాం. శిరివెళ్ల మెట్ట దాటాక ఎడమవైపు నల్లమల కొండలు మంచులోంచి బయటపడ్డాయి. అక్క అటు తిరిగి, అహోబిలం దిక్కుకు దండం పెట్టుకుని, స్టీలు డబ్బాను ఒళ్లోకి జరుపుకుంది. డబ్బాలో బొరుగులు, బెల్లం, చిన్న సీసాలో పాలు ఉన్నాయి. ఖాళీ అయ్యాక అందులోనే మట్టి తేవాలని ఆమె లెక్క.

ఆళ్లగడ్డలో దిగేసరికి ఎనిమిది కావస్తోంది. బస్టాండు పక్క సందులో ఒకామె బండి మీద బొరుగుల ఉగ్గాని, బజ్జి వేస్తుంది. ప్లేటు నలభై రూపాయలు, కడుపు నిండుతుంది. "కారం జాస్తి వేస్తానాప్పా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే వేసేసింది. అక్క మాత్రం తినలేదు. పిల్లవాడికి పెట్టాకే తింటానంది. అక్కడి నుంచి ఆటోల దగ్గరికి నడుస్తుంటే శిల్పుల షెడ్లు వస్తాయి. ఆళ్లగడ్డ పేరు చెప్పగానే అందరూ అనుకునేవి ఆ విగ్రహాలే. తెల్లటి దుమ్ములో సగం చెక్కిన దేవుళ్లు గోడకు ఆనించి ఉంటారు. ఇప్పుడు చాలామటుకు కరెంటు మిషన్లే. ఒక షెడ్డులో మాత్రం ఒకాయన ఉలితో కొడుతున్నాడు. అక్క ఆగి కాసేపు విని, "ఉలి మొండిదైంది నాయనా, కాపించి పదును పెట్టించుకో" అంది. ఆయన ఉలి మొన చూసుకుని, "యా ఊరు పెద్దమ్మా నీది?" అని అడిగాడు. అక్క రోడ్డు వైపు చెయ్యి చూపి, "ఈ రోడ్డే" అనేసి నడిచింది.

ఆటో డ్రైవరు పేరు బాషా, నలభై అయిదేళ్లుంటాయి. "యాడికన్నా?" అన్నాడు. కోవెలకుంట్ల రోడ్డులో ఐదో కిలోమీటరు రాయి దగ్గరికి, అక్కడ గంటసేపు ఆగాలి అన్నాను. "ఆడ ఏముందన్నా? గుడి ల్యా, బడి ల్యా" అన్నాడు. నేను విషయం చెప్పాక ఏడువందలు అన్నవాడు ఐదొందలకు దిగాడు. మీరు వెళితే ఆరొందలకు తక్కువ కాకుండా అడుగుతారు, పోను, రాను, ఆగడం అన్నీ కలిపి ముందే మాట్లాడుకోండి. దారి మొత్తం ఇరవై చిల్లర కిలోమీటర్లు. నా ఉద్యోగంలో సగం దీని మీదే గడిచింది. రాష్ట్ర రహదారి అని పెద్ద పేరే గానీ, ఎదురుగా ట్రాక్టరు వస్తే బస్సును మట్టిలోకి దింపాల్సిందే. రెండు వైపులా నల్లరేగడి, శనగ చేలు, దూరంగా కేసీ కాలువ గట్టు. ఊరు దాటగానే ఎడమ పక్కన చెట్లు కొట్టిన మొద్దులు, తెచ్చి పోసిన కంకర కుప్పలు కనిపించాయి.

ఐదో రాయి దగ్గర ఆటో దిగాక నా ప్రాణం లేచి వచ్చింది. అక్కడికి ఇంకా పని రాలేదు. ఆకుపచ్చ నెత్తి ఉన్న రాయి, చిన్న మోరీ, దాని అవతల తుమ్మచెట్టు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. అక్క చెట్టు కింద చీపురు పుల్లలతో ఊడ్చి, నీళ్లు చల్లి, బొరుగులు, బెల్లం పెట్టి, పాలు పోసింది. తరువాత రాతి ముక్కతో నేల తవ్వి, మట్టిని గుప్పిటతో నలిపి, గడ్డలు తీసేసి, మెత్తటిది డబ్బాలోకి వేసింది. మూడు గుప్పెళ్లు. మూత పెట్టి, "లే నాయనా, ఇంటికి పోదాం" అంది, పసిపిల్లవాణ్ణి నిద్ర లేపినట్టే. బాషా అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. నాకు మాత్రం, నిజం చెబుతున్నా, చాలా తేలిగ్గా అనిపించింది. ఆలస్యం చేసినా ఆమె కోరిక తీర్చానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

అప్పటికి పది దాటింది, అక్క ఇంకా ఏమీ తినలేదు. వెనక్కి పోవడం కంటే ముందుకు రెండు కిలోమీటర్లు పోతే ఊరి స్టేజీలో టీ అంగడి ఉంది, బన్ను, టీ దొరుకుతాయి అన్నాడు బాషా. అలాగే పోయాం. అంగడి ముందు కూర్చోడానికి బెంచీ లేదు, ఒక పాత బండరాయి అడ్డంగా పడేసి ఉంది. అక్క దాని మీద కూర్చుని, బన్ను చేతిలో పట్టుకుని, రెండో చేత్తో ఊరికే ఆ రాయిని తడుముతోంది. రాతి పని చేసినవాళ్లకు అదొక అలవాటు. ఉన్నట్టుండి లేచి నిలబడింది. రాయికి ఒక మూల అరచేయంత పెచ్చు లేచిపోయి ఉంది. "ఇది మీ బావ పగలగొట్టింది" అంది. "పిల్లోన్ని పెట్టొచ్చి, ఏం తోచక సుత్తె తీస్కోని రాయిని కొట్టినాడు. మేస్త్రీ వచ్చి తిట్టె. ఇది ఐదో రాయి నాగా. ఇదీడ ఎట్లుంది?"

నేను నవ్వి, ఐదో రాయి దగ్గర నుంచే కదా వస్తున్నాం అన్నాను. అంగడి పక్కన చుట్ట కాలుస్తున్న ముసలాయన మా మాటలు విని దగ్గరికి వచ్చాడు. పేరు ఎల్లప్ప, ఈ రోడ్డు మీదే గ్యాంగు కూలీగా చేసి రిటైరయ్యాడట. "ఆయమ్మ చెప్పింది నిజమేప్పా, అది ఐదో రాయే" అన్నాడు. "మా తాత గంజి తాగి కరువు పనిలో ఈ రోడ్డుకు రాళ్లు మోసినాడంట. అప్పుడు బండ్ల బాట. ఆ కాలంలో పాతిన రాళ్లు ఇవి. తారేసిన రెండేండ్లకు, ఇవి పెరికేయండి, కొత్తవి పాతండి అనిరి. పాతింది నేనే. పెరికినవి ఒకటి ఈడ పడేసిరి, ఇంకొన్ని ఊర్లోకి బట్టలుతుకను తీస్కపోయిరి."

"కొత్తవి అదే గుంతలో కదా పాతింది?" అని అడిగాను.

"అదే గుంతలో ఎట్ల పాతతారప్పా? ఇవి మైళ్లు, అవి కిలోమీటర్లు. ఐదో మైలు కాడికి ఎనిమిదో కిలోమీటరు వచ్చె" అన్నాడు ఎల్లప్ప.

ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టినవాణ్ణి. ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఈ ఒక్క లెక్క నా బుర్రకు తట్టలేదు. అక్కను మొదటిసారి ఆ రాయి దగ్గర దింపినప్పుడు ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. బస్సు నిండా జనం. ఆమె దిగి, చుట్టూ చూసి, "ఇది కాదేమోరా, మోరీ ఇంత సిన్నది కాదు, గట్టు ఎత్తుండె" అంది. నేను మెట్టు మీద నిలబడి, అందరూ వినేటట్టు, "రాయి మీద ఐదని రాసి ఉంది. చదువు నీకు వస్తాందా, నాకు వస్తాందా?" అన్నాను. జనం నవ్వారు. ఆమె ఇంకేం అనలేదు. ఆ ఏడే కాదు, మళ్లీ ఏనాడూ అనలేదు. నేను రైట్ రైట్ అని బస్సు పోనిచ్చాను.

"ఏందంటాండాడు?" అని అక్క అడిగింది. ఎల్లప్ప మాటలు ఆమెకు సగమే అర్థమయ్యాయి. అబద్ధం చెప్పి ఇంటికి తీసుకుపోదామా అని ఒక్క క్షణం అనిపించింది, దాచను. కానీ ఆమె నా మొహం చూస్తోంది. చెప్పేశాను. మనం పోయేది ఆ చోటు కాదు అక్కా, అసలు చోటు ఇంకొంచెం ముందుంది, తప్పు నాదే అన్నాను. ఆమె బన్ను అంగడివాడి బల్ల మీద పెట్టేసి, డబ్బా తీసుకుని, పోయి ఆటోలో కూర్చుంది. "పా బాషా, బేగా పా" అంది.

ఎనిమిదో రాయి లేదు. ఏడు దాటి కొంచెం దూరం పోగానే రోడ్డు సగానికి సగం తవ్వేసి ఉంది, పని కోవెలకుంట్ల వైపు నుంచి వస్తోందట. కర్రలకు ఎర్ర రిబ్బను కట్టారు. ఎత్తు గట్టు ఉండాల్సిన చోట నేల చదునుగా ఉంది. పాత మోరీ తీసేసి, పెద్ద సిమెంటు పెట్టెలాంటిది కట్టి ఉంది, ఇంకా తడి ఆరలేదు. అక్క ఆటో దిగి ఒక్కసారే చూసింది. ఈసారి ఆమెకు అనుమానం లేదు. "ఈడే" అంది. "ఈ వంపు, ఆ కొండ కొమ్ము. పొద్దున్నే గుడిసెలోంచి అదే కనపడుతుండె."

జేసీబీ ఆపి నీడలో అన్నం తింటున్న డ్రైవరు దగ్గరికి పోయాను. పరాయి జిల్లావాడు గానీ మంచివాడే. గట్టు ఎప్పుడు తవ్వారని అడిగాను. "మొన్న బుధవారం సార్" అన్నాడు. మేం పోయింది ఆదివారం. తవ్వినప్పుడు ఏమైనా కనబడిందా అని బాషా అడిగాడు. అతను అన్నం కలపడం ఆపి, "బకెట్టు మట్టిలో ఏం వస్తుందో మాకు తెలీదు అన్నా, ఏం చూస్తాం?" అన్నాడు. ఆ మట్టి ఎక్కడికి పోయిందని అడిగాను. ఎక్కడికీ పోలేదట. మోరీ పక్కన పల్లంలో పోసి, నీళ్లు కొట్టి, రోలరు తిప్పారు. దాని మీద కంకర పరిచారు. "ఇప్పుడు మీరు నిలబడింది దాని మీదే" అన్నాడు. నేను పక్కకు జరిగాను. ఎటు జరిగినా అదే.

అక్క కంకర మీద గొంతు కూర్చుంది. ఏడవలేదు. రాళ్లను నాలుగింటిని పక్కకు తీసింది, కింద రోలరు తొక్కిన నేల గోటికి కూడా రాలేదు. చాలాసేపు గీకింది. నేను పోయి చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. తరువాత డబ్బా మూత తీసి, అందులోని మట్టిని రోడ్డు అంచున పోసేసింది. "ఇది యవరి మట్టో" అంది. డబ్బా తలకిందులు చేసి, అడుగున తట్టి, మూత పెట్టింది. నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి, నన్ను తిట్టు అక్కా, కొట్టు అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. ఆ వంపు వైపే చూస్తూ, "నేను ఆడ పాలు పోస్తాంటే, వాడు ఈడ ఎదురుచూస్తాండెనా నాగా? అన్నేండ్లూ?" అని అడిగింది.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి ఏమీ లేదు. బాషా ముందు మాట్లాడుకున్నదే తీసుకున్నాడు, ఎక్కువ ఇస్తే వద్దన్నాడు. ఆళ్లగడ్డలో మధ్యాహ్నం ఒంటిగంటకు నంద్యాల బస్సు దొరికింది, కూర్చోడానికి సీట్లు ఖాళీగానే ఉన్నాయి. రెండున్నరకు ఇంట్లో ఉన్నాం. అక్క కాళ్లు కడుక్కుని, అన్నం వండింది, నాకు పెట్టింది, తనూ తినింది. నేను ఆ రోడ్డు మీద ఎన్ని వేలసార్లు తిరిగానో లెక్క లేదు. ప్రతిసారీ ఎనిమిదో రాయి పక్క నుంచే పోయాను, రోజుకు నాలుగు ట్రిప్పులు, చేతిలో టికెట్ల కట్టతో, ఆ వంపు దగ్గర జనాన్ని పట్టుకోండని కేకలేస్తూ. పిల్లవాడు నాకు మేనల్లుడు. ఎవరైనా ఆ రోడ్డు బాగుపడుతోందని సంబరంగా చెబితే, తల ఊపి ఊరుకుంటున్నాను. ఇప్పుడు ఆ దారిలో పోయే ప్రతి బస్సూ వాడి మీదుగా పోతుంది. ఈ మాఘంలో అక్క ఏటా అక్కడికి పోయే రోజు రావడానికి ఇంకా వారం ఉండింది. ఆ రోజు పొద్దున నేను ముందే లేచి, స్నానం చేసి, బొరుగులు, బెల్లం తెచ్చి పెట్టి కూర్చున్నాను. ఆమె వాటిని చూసి, "యాడ పెట్టాల?" అని అడిగి, వంటింట్లోకి పోయింది.

మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మీ ఇళ్లలో పెద్దవాళ్లకు ఇలాంటి చోటు ఏదైనా ఉంటే, రాయి నంబరు చెప్పారని దాన్ని నమ్ముకోకండి. మన పల్లె రోడ్ల మీద రాళ్లు పీకేశారు, మార్చేశారు, లెక్కే మార్చేశారు. వాళ్లకు నడిచే ఓపిక ఉండగానే తీసుకుపోయి, ఆ చోట నిలబెట్టి, ఫోనులో గుర్తు పెట్టుకోండి. వచ్చే వారం అనకండి. అక్కడికి పోయాక వాళ్లు చుట్టూ చూసి "ఇది కాదేమో" అంటే, బస్సు పోతే పోనీ, దిగి వాళ్లతో పాటు ఇంకో మూడు కిలోమీటర్లు నడవండి.